ఎడమ బొటనవేలు

ఆ వీధిలో ఆవిణ్ణి అందరూ డాక్టరమ్మ అనే పిలుస్తారు. చదివింది పదో తరగతి. మేడమెట్ల కింద ఆరడుగుల గదే ఆవిడ ఆసుపత్రి. అందులో ఒక బల్ల, బల్ల మీద అగ్గిపుల్లంత సన్నని స్క్రూడ్రైవర్లు, ఒక మీటరు, మెడ వంచి నిలబడే దీపం. వచ్చే రోగులందరూ వీడియో గేమ్ కంట్రోలర్లు. పెళ్లికి ముందు ఒక ఫ్యాక్టరీలో టీవీ రిమోట్లు బిగించేది. అది మూతపడ్డాక అదే చేతి ఒడుపుతో ఈ పని మొదలుపెట్టింది. పద్దెనిమిదేళ్లయింది.

ఏమైందని ఆవిడ ఎవరినీ అడగదు. కంట్రోలర్‌ని దీపం కింద నాలుగు వైపులా తిప్పి చూసి, తనే చెబుతుంది. "చూపుడువేలు మడిచి పైనుంచి నొక్కుతారు కదూ?" అంటే వీధి చివరి పళ్ల డాక్టరు కూడా చిన్నపిల్లాడిలా నోరు తెరిచేవాడు. మనిషి ఎలా పట్టుకుంటే ప్లాస్టిక్ అలా అరుగుతుంది, ఇందులో మాయా లేదు మంత్రమూ లేదు. ఆవిడ ఒక్కో పట్టుకీ ఒక పేరు పెట్టుకుంది. వేళ్లు కొక్కెంలా వంచేవాళ్లది పీత పట్టు. ఒళ్లో పెట్టుకుని పైనుంచి టకటకలాడించేవాళ్లది పీట పట్టు. చెమట కారేలా బిగించేవాళ్లది గుప్పిట పట్టు. కంట్రోలర్ వీపు మీద గోళ్ల గీతలు పడి ఉంటే అది భయం పట్టు. అలాంటివాళ్లు ఆటలో చీమ కనబడ్డా ఎగిరిపడతారు.

ఒకసారి కొత్తగా పెళ్లైన అమ్మాయి ఒకటి తెచ్చి, "మా ఆయన పెళ్లైన రోజు నుంచీ దీన్ని ముట్టుకోలేదండీ, ఊరికే పడుందని తెచ్చాను" అంది గొప్పగా. రబ్బరు చూస్తే నిన్నమొన్నటి అరుగుదల. డాక్టరమ్మ గాలి ఊది, తుడిచి, "అవునమ్మా, వాడకపోతే ఇలాగే దుమ్ము పడుతుంది" అని ఇచ్చేసింది. రోగి గుట్టు బయటపెట్టకూడదని ఆవిడ నియమం. ఆ నియమమే తన మెడకి చుట్టుకుంటుందని అప్పుడు అనుకోలేదు.

ఆవిడ భర్త టవర్ క్రేన్ నడుపుతాడు. తోటివాళ్లు పైలట్ అంటారు. ఇరవై రెండేళ్లుగా పొద్దున్నే నిచ్చెన ఎక్కి, అంత ఎత్తున అద్దాల గదిలో కూర్చుని, ఇనుప కడ్డీల కట్టల్ని గాల్లో తిప్పి, చెప్పిన చోట పిల్లిపిల్లని దించినట్టు దించుతాడు. కింద ఆ కట్టలకి కొక్కేలు తగిలించేది ఆవిడ తమ్ముడు. నలభై రెండేళ్లు వచ్చి మీసం నెరిసినా అక్కకి వాడు చిన్నోడే. బావ మీద వాడికెంత నమ్మకమంటే, తల మీద టన్ను బరువు వేలాడుతున్నా పైకి చూడడు.

సాయంత్రం ఇంటికొచ్చి స్నానం చేశాక మొగుడూ పెళ్లాం ఒక అరగంట కార్ల పందెం ఆడతారు. పిల్లలు లేరు కాబట్టి అడిగేవాళ్లు లేరు. ఆయన పట్టు చూడముచ్చటగా ఉంటుంది. రెండు బొటనవేళ్లు కారుని తిప్పే రెండు స్టిక్కుల మీద, చూపుడువేళ్లు వెనక మీటల మీద, మిగతావి వదులుగా. పీత పట్టువాళ్లని చూస్తే ఆయనకి నవ్వు. "వేళ్లు పదీ ఉండగా ఆ అవస్థ ఏంటే?" అనేవాడు.

నెల కిందట ఆయన వరుసగా ఓడిపోవడం మొదలైంది. "ఎడమ స్టిక్కు సరిగ్గా తిరగడం లేదు, చూడు" అన్నాడు. "ఆడలేక మద్దెల ఓడు అన్నాట్ట మీలాంటాయన ఒకడు" అని ఆవిడ ఆటపట్టించింది. అయినా విప్పి కొత్తది వేసింది. వారానికి మళ్లీ అదే మాట. ఇంకోటి వేసింది. పది రోజులకి మూడోసారి. మూడోసారి మాత్రం నవ్వలేదు, ఈమధ్య సరుకే నాసిరకం వస్తోందని కొట్టువాణ్ణి తిట్టుకుంది.

బుధవారం సాయంత్రం చిన్నోడు వచ్చాడు. కూర్చోగానే నవ్వుతూ మొదలుపెట్టాడు. "అక్కా, ఇవాళ నీకు తమ్ముడు లేకుండా పోయేవాడే. బావ కట్ట తిప్పుతూ తిప్పుతూ ఉన్నట్టుండి ఆపాడు. అది ఉయ్యాలూగి నా మీదికి వచ్చింది. ఇసక కుప్పలో మునకేశాననుకో. టోపీకి ఇంత సొట్ట!"

ఆవిడ భర్త వైపు చూసింది. ఆయన కంచంలోంచి తల ఎత్తలేదు.

"గాలి కొట్టింది" అన్నాడు.

"గాలి సంగతి పైనున్న ఆయనకే తెలుస్తుంది, మనకేం తెలుసు" అని చిన్నోడు నవ్వేశాడు.

మర్నాడు పొద్దున షాపులో చేతికి పని లేక, తీసి పక్కన పడేసిన ఆ మూడు స్టిక్కుల్నీ మీటరు మీద పెట్టింది. మొదటిది బాగానే ఉంది. రెండోదీ బాగానే ఉంది. మూడోది కూడా. వెంట్రుకవాసి తేడా లేదు. అన్నిటికంటే ముందు చేయాల్సిన పరీక్ష అది. ఊళ్లోవాళ్ల కంట్రోలర్లకి తప్పకుండా చేసేది, మొగుడి మాట కదా అని వదిలేసింది.

తర్వాత ఆ స్టిక్కుల కొసన ఉండే రబ్బరు టోపీల్ని దీపం కింద పెట్టింది. మొదట తీసింది వదిలేస్తే, మిగతా రెండిటికీ బొటనవేలు పెట్టే నడిమి గుంటలు కొత్తవాటిలా ఉన్నాయి. అంచులు మాత్రం ఒక పక్క కోసుకుపోయాయి. అంటే ఆయన స్టిక్కుని బొటనవేలితో తిప్పడం లేదు. చూపుడువేలు కొక్కెంలా వంచి పక్కనుంచి లాగుతున్నాడు. పీత పట్టు! పీత పట్టువాళ్లని చూసి నవ్వే మనిషిది.

సరదాకి నేర్చుకుంటున్నాడేమో అనుకుందామని చూసింది. మనసు ఒప్పుకోలేదు. ఆయన పని గురించి ఆవిడకి బాగా తెలుసు. క్రేన్‌ని తిప్పే ఎడమ లివర్ పైన బొటనవేలి కింద ఒక బొత్తాం ఉంటుంది. అది నొక్కి ఉంచినంతసేపే క్రేన్ తిరుగుతుంది. మనిషికి కళ్లు తిరిగినా, ప్రాణం పోయినా, వేలు జారగానే యంత్రం ఆగిపోవాలని పెట్టిన ఏర్పాటు. తిరుగుతున్నది ఉన్నట్టుండి ఆగితే కింద వేలాడే కట్ట ఊగుతుంది. బుధవారం గాలి వచ్చిందో లేదో ఇక ఎవరినీ అడగక్కర్లేదు.

ఆ సాయంత్రం అడిగింది. "మీ ఎడమచెయ్యి ఏమన్నా నొప్పిగా ఉందా?"

"చేతికేం? బ్రహ్మాండంగా ఉంది" అని ఆయన టవలు తీసుకుని స్నానానికి వెళ్లిపోయాడు. చొక్కా బొత్తాలు కుడిచేత్తోనే విప్పుకోవడం ఆవిడ చూసింది.

శుక్రవారం షాపు మూసి, ఆ కట్టడం పక్కనున్న వంతెన మీద గంటసేపు నిలబడింది. పసుపుపచ్చ క్రేన్ మెల్లగా తిరుగుతోంది. కట్ట కింద ఎర్రటోపీ కనబడింది. సొట్టపడ్డ టోపీకి బదులు ఇచ్చిన కొత్తది, చిన్నోడిది. కట్ట కదిలిన ప్రతిసారీ ఆవిడ కమ్మీని గట్టిగా పట్టుకుంది. కట్ట నిమ్మళంగా దిగింది. మళ్లీ లేచింది, మళ్లీ దిగింది. ఒక్కసారీ ఆగలేదు, ఊగలేదు. అనవసరంగా హడలిపోతున్నానా అని కాస్త ఊపిరి పీల్చుకుంది. ఆ ధైర్యం ఇంటికి చేరేదాకా కూడా నిలవలేదు.

చిన్నోడికి చెప్పేస్తే? ఫోను రెండుసార్లు చేతిలోకి తీసుకుంది. చెబితే ఆయన ఇరవై రెండేళ్ల పేరు పోతుంది. చెప్పకపోతే ఏం పోతుందో తలుచుకోవడానికే భయం. తన అనుమానం తప్పని ఎవరైనా చెబితే బాగుండునని శనివారమంతా ఎదురుచూసింది. శనివారం కూడా ఆయన నిచ్చెన ఎక్కాడు, చిన్నోడు కింద నిలబడ్డాడు. వీధిలో అంబులెన్సు కూత వినబడితే స్క్రూడ్రైవర్ చేతిలోంచి జారింది. ఆ రోజు ఏదైనా జరిగి ఉంటే అందులో ఆవిడకీ సగం వాటా ఉండేది. అది ఆవిడకి తెలుసు.

ఆదివారం ఆయనకి సెలవు. పొద్దున్నే ఆవిడ కంట్రోలర్ విప్పింది. ఆటలో కారు గోడకి గుద్దితే చేతులకి తెలియాలని లోపల రెండు వైపులా రెండు చిన్న మోటార్లు ఉంటాయి, అవి గిర్రున తిరిగితే కంట్రోలర్ వణుకుతుంది. ఎడమవైపుది పెద్దది. కుడివైపుదాని తీగ తెంపింది. తెగిన కొసకి చుట్టడానికి నల్లటేపు కోసం చూస్తే కనబడలేదు. బుధవారం పొద్దున కొన్న కొత్త చుట్ట. సొరుగులన్నీ వెతికింది. నా మతి మండ అనుకుని ఒక కాగితం ముక్క చుట్టి మూత బిగించేసింది.

"రండి, ఒక ఆట" అంది. ఆయన వచ్చి కూర్చున్నాడు. ఆవిడ తన కంట్రోలర్ పక్కన పెట్టేసింది. "నేను చూస్తాను, మీరు ఆడండి. కొత్త మోటారు వేశాను, వణుకు బాగా వస్తోందో లేదో చెప్పండి."

మొదటి మలుపులోనే కారు గోడకి గుద్దుకుంది. ఎడమ మోటారు గుర్రుమంది. ఆ చప్పుడు గది అవతలికి కూడా వినిపించేంత ఉంది. ఆయన తెర వైపే చూస్తున్నాడు.

"వస్తోందా?"

"కుడిచేతికి ఏదో లీలగా తగిలింది, అంతే" అన్నాడు. "ఇది కూడా పాడైనట్టుంది, ఇంకోటి వెయ్యి."

"ఎడమచేతికి?"

మళ్లీ గోడ. మళ్లీ గుర్రుమంది. అప్పుడు విన్నాడు ఆయన. చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోందా అని ముందు టీవీ వైపు, తర్వాత కిటికీ వైపు చూశాడు. చివరికి తల వంచి తన ఎడమచేతిని చూసుకున్నాడు. అందులో కంట్రోలర్ వదలకుండా వణుకుతోంది. పక్క వేళ్ల చివర్లు కూడా దానితో పాటు అదురుతున్నాయి.

కంట్రోలర్ బల్ల మీద పెట్టేశాడు.

"బొటనవేలు మొద్దుబారిందనుకున్నాను" అన్నాడు. "చెయ్యంతా పోయిందని తెలీదే."

ఆవిడ లేచి టీవీ ఆపేసింది.

"బుధవారం గాలి లేదు. వేలు జారింది."

"తెలుసు."

"ఆ తర్వాత జారలేదు" అని ఆయన ఆగాడు. తేలు కుట్టిన దొంగలా ఇన్నాళ్లు నోరు మూసుకున్న మనిషికి ఈ ఒక్క మాట అన్నిటికంటే బరువైనట్టుంది. "నీ బల్ల మీద నల్లటేపు నేనే తీసుకెళ్లాను. బొత్తాం నొక్కి ఉండేలా లివర్‌కి చుట్టేశాను. మూడు రోజులు అలాగే నడిపాను."

ఆవిడకి వంతెన మీద నిలబడి చూసిన గంట గుర్తొచ్చింది. కట్ట ఒక్కసారీ ఆగలేదని తను ఊపిరి పీల్చుకుంది. ఆగే దారి లేక ఆగలేదు. ఆ చెయ్యి అప్పుడు పక్కకి వాలిపోయి ఉంటే ఆ ఇనుమంతా ఎర్రటోపీ మీదుగా తిరుగుతూనే ఉండేది.

"మా చిన్నోడండీ కింద" అంది.

ఆయన తల దించుకున్నాడు. "దిగితే మళ్లీ ఎక్కనివ్వరేమోనని భయమేసింది. నిజం చెబుతున్నా, రోజూ భయంతోనే ఎక్కాను."

ఆవిడ ఫోను తెచ్చి ఆయన ముందు పెట్టింది. "నన్ను చెయ్యమనకండి. మీరే చెయ్యండి. రేపు ఆసుపత్రికి నేను తోడొస్తాను."

ఆయన కుడిచేత్తో అంకెలు నొక్కాడు. అవతల చిన్నోడు ఆదివారం హుషారుతో పలికాడు. "ఏంటి బావా, పొద్దున్నే ఓడిపోయావా అక్క చేతిలో?"

"అవున్రా" అన్నాడాయన. "రేపు నేను రావడం లేదు. మేస్త్రీకి నేను చెప్పుకుంటాను. నువ్వొక పని చెయ్యి. నా గదిలోకి ఎవరెక్కినా సరే, ముందు ఎడమ లివర్‌కున్న టేపు పీకెయ్యమను. అది పీకేదాకా నువ్వు కట్ట కింద నిలబడొద్దు."

అవతల నవ్వు ఆగిపోయింది. "టేపేంటి బావా?" అని వాడు అడుగుతున్నాడు.