ఆదెమ్మగారి అద్దం

పదేళ్ల వయసులో ఒక తడిగుడ్డా, ఒక ప్లాస్టిక్ స్కేలూ పట్టుకుని నేనొక నిండు సంసారాన్ని తుడిచిపెట్టేశాను. అబద్ధం కాదండీ. పైగా ఆ ఘనకార్యానికి మెచ్చి మా టీచరు నా చొక్కాకి బంగారు రంగు నక్షత్రం కూడా అంటించింది. నవ్వాలనుంటే ఇప్పుడే నవ్వేయండి, తర్వాత కుదరకపోవచ్చు.

సాఫ్ట్‌వేర్ అనే మాట తప్పుల్లేకుండా రాయగలిగిన వాళ్లనల్లా విమానం ఎక్కించేస్తున్న రోజులవి. అలా ఎక్కిన మా నాన్న మమ్మల్ని విజయవాడ నుంచి తెచ్చి సింగపూర్‌లో, జురాంగ్ వెస్ట్‌లో దింపాడు. అక్కడి బడిలో నేను ప్రైమరీ ఫైవ్. నెలకో శనివారం మేము ఇద్దరేసి చొప్పున చుట్టుపక్కల బ్లాకులకు వెళ్లి, ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల ఫ్లాట్లు శుభ్రం చేయాలి. ఫ్లాటు మెరిసేలా తుడిచినవాళ్లకు నక్షత్రం. సేవ సంగతి దేవుడెరుగు, నా కళ్లన్నీ ఆ నక్షత్రం మీదే.

నాకూ, నా జోడీ అయిన చైనా పిల్ల వేలింగ్‌కూ తొమ్మిదో అంతస్తులో సూరన్న అంకుల్ ఇల్లు వచ్చింది. ఎప్పుడో తాతల నాడు శ్రీకాకుళం నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. ఆయన రేవులో క్రేను నడిపి రిటైరయ్యాడు. భార్య ఆదెమ్మగారు పోయి ఏడాది. పిల్లల్లేరు.

"తెలుగు పాపవా! ఏ ఊరమ్మా మీది?"

"విజయవాడ, అంకుల్."

"అయితే మనోల్లే! మీరు పని కానీయండి. నాను కిందకెల్లి తినడానికి మకాన్ ఏటైనా అట్టుకొస్తాను."

ఆయన అటు వెళ్లగానే వేలింగ్ నేల తుడవడం మొదలెట్టింది. నేను పడకగదిలోకి వెళ్లి, అక్కడి అద్దం చూసి పొంగిపోయాను. దాని నిండా బొట్టుబిళ్లలు! మెరూన్ రంగు గుండ్రటివి, ఒకదాని పక్కన ఒకటి.

ఈ విద్యలో నేను చేయితిరిగినదాన్ని. మా అమ్మ కూడా పడుకునేముందు నుదుటి బిళ్ల తీసి అద్దానికి అంటించేది. ఆదివారం ఆదివారం వాటిని గీకడం ఇంట్లో నా వంతు. కొత్తవి గోటితో లేస్తాయి. పాతవాటికి వేడినీళ్లు, స్కేలు అంచు. మిగిలిన జిగురుకు కొబ్బరినూనె.

వేలింగ్ తలుపు దగ్గర నుంచి తొంగి చూసి, అక్కడివాళ్ల అలవాటు ప్రకారం మాట చివర ‘లా’ తగిలించి అంది, "ఏయ్, డెకరేషన్ ఏమో లా. వదిలెయ్."

"నీకేం తెలుసు? మా ఇళ్లలో ఇది మామూలు చెత్త. ఐ యామ్ ఎక్స్‌పర్ట్, లా!"

పాపం, ఏమీ తెలియని పిల్ల ఊరుకోమంది. అన్నీ తెలిసిన నేను అరగంటలో అద్దాన్ని అద్దంలా చేసి, బిళ్లలన్నీ కాగితంలో చుట్టి, వంటింటి గోడలోంచి కింది అంతస్తు దాకా దిగే చెత్తగొట్టంలో పడేశాను. టీచరు వచ్చి చూసింది, అద్దంలో తన జుట్టు సవరించుకుంది, నాకు నక్షత్రం అంటించింది.

టీచరు అలా పక్క ఫ్లాటుకు వెళ్లగానే సూరన్న అంకుల్ నూడుల్స్ పొట్లాలతో వచ్చాడు. గదిలోకి వెళ్లినవాడు అక్కడే ఆగిపోయాడు.

"పాపా, అద్దం మీద బొట్లేవి?"

"తీసేశాను అంకుల్! ఒక్కటి కూడా మిగల్లేదు చూడండి!"

"ఒక్కటీ నేదా?"

ఆయన మంచం మీద కూలబడ్డాడు. కోప్పడలేదు. "మీ ఆంటీయి అవి. అద్దంలో దాని నుదురు ఎక్కడ కనపడితే అక్కడే అంటించీది. ఆస్పత్రికెల్లే ముందు రోజు కూడా ఒకటెట్టినాది. పొద్దున్నే గెడ్డం గీసుకుంతూ నాను దాంతోనే మాటాడుతుంతాను."

నేను చేత్తో నా నక్షత్రాన్ని కప్పేసుకున్నాను. తర్వాత లిఫ్టు కోసం కూడా ఆగకుండా తొమ్మిది అంతస్తుల మెట్లూ దిగి పరిగెత్తాను. కింద ఊడ్చే అంకుల్ గొట్టం తలుపు తీశాడు.

"ఏం పడేశావ్? ఉంగరమా?"

"బొట్లు."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. లోపల మొత్తం బ్లాకు చెత్త. చేపముళ్లు, కుళ్లిన అన్నం, గుడ్డు పెంకులు. మోచేతుల దాకా కెలికాను. దొరకలేదు. ఏడ్చుకుంటూ ఇంటికి పోయి చెప్తే అమ్మ తిట్టలేదు. బీరువా తీసి తన బిళ్లల ప్యాకెట్లన్నీ నా చేతిలో పెట్టింది.

మర్నాడు వాటిని చూసి సూరన్న అంకుల్ కళ్లు తుడుచుకుంటూనే నవ్వాడు. అన్నీ రాళ్లు పొదిగినవి, పాముల్లా మెలికలు తిరిగినవి. "ఓలమ్మో! మీ ఆంటీ ఇయ్యి సూస్తే పారిపోద్ది!" వెతికి వెతికి ఒక్క గుండ్రటిది తీశాడు. "ఇలా నిలబడమ్మా. మీ ఆంటీ నీ అంతే ఉండీది."

నన్ను అద్దం ముందు నిలబెట్టి, నా వెనక నిలబడి, చెయ్యి చాపి, అద్దంలో నా నుదురు కనబడే చోట ఆ బిళ్ల అంటించాడు.

"కొంచెం ఎడంపక్కకి ఒంగు. దానికి తిన్నగా నిలబడ్డం రాదు."

ఒంగాను.

"ఆ. అక్కడే ఉండు."

ఎంతసేపు ఉన్నానో తెలియదు. ముక్కు దురద పెట్టినా గోక్కోలేదు. ఆయన నాతో మాట్లాడలేదు, ఆవిడతో ఏదో మెల్లగా చెప్పుకున్నాడు.

కనుక, చదువరులారా, తడిగుడ్డ సాక్షిగా నాడే నేను శపథం పట్టాను: ఈ జన్మలో ఏ అద్దమూ తుడవను, మా ఇంట్లోది కూడా. "ఈ బిళ్లల గోలలో గెడ్డం ఎలా గీసుకోవాలే?" అని మా ఆయన రోజూ విసుక్కుంటాడు.

"ఉండనివ్వండి," అంటాను, "ఎప్పటికైనా మీకే పనికొస్తాయి."