కలుపు మొలవని చేను

ఆ రోజుల్లో మా వైపు పిల్లనిచ్చేవాళ్లు పెళ్లికొడుకు ఇంటికి రాకముందే పెళ్లికొడుకు చేను చూసిపోయేవారు. ఇంట్లోకి పక్కింటి కుర్చీలు తెచ్చి వేయవచ్చు, కాఫీ గ్లాసులు అడిగి తెచ్చుకోవచ్చు, అవసరమైతే చొక్కా కూడా. చేనును మాత్రం ఎవరూ ఒక్క పూటకు అరువివ్వరు. గట్టు మీద నిలబడి చేను చూస్తే మనిషి కనపడతాడని మా పెద్దల నమ్మకం. అందులో నిజం ఉందనే ఇప్పటికీ అనుకుంటాను. కాకపోతే కనపడేది ఎలాంటి మనిషన్నది చూసేవాళ్ల కళ్లను బట్టి ఉంటుంది. నా విషయంలో మా చేను నా మీద చెప్పిన సాక్ష్యం మా చర్చిలో ఇప్పటికీ అప్పుడప్పుడూ నవ్వులకు పనికొస్తూనే ఉంది.

కోట ఊరికి తూర్పున, గాలి మళ్లినప్పుడు సముద్రపు హోరు వినపడేంత దూరంలో ఉండేది మా చేను. తెల్లటి ఇసుక నేల. మధ్యలో ఒక దొరువు, అంటే ఇసుకలో తవ్వుకున్న లోతులేని బావి. దాని నీళ్లతోనే వేరుశనగ పండించేవాళ్లం. నాకింకా ఉద్యోగం రాలేదు. చదువు ముగించి, నాయనకు సాయం పేరుతో చేలో తిరుగుతూ, చేసిన ప్రతి పనినీ డైరీలో రాసుకుంటూ ఉండేవాణ్ణి. పద్ధతి అంటే నాకు ప్రాణం. నా చెప్పులు గోడకు సమాంతరంగా ఉండాలి, పాపిట గీత గీసినట్టుండాలి, గొడ్లు కూడా ఒకే వైపు ముఖం పెట్టి మేత మేయాలి. (గొడ్లు మాత్రం నన్ను చివరిదాకా లెక్కచేయలేదు.) మధ్యాహ్నాలు సరుగుడు తోపు నీడలో పడుకుని, ఆకుల ఈల వింటూ, చేను మొత్తం ఒక రూళ్ల పుస్తకంలా మారిపోయినట్టు పగటికలలు కనేవాణ్ణి.

ఆ కలల్లోకి కొన్నాళ్లకు ఒక అమ్మాయి కూడా వచ్చి చేరింది. కోత పండుగ నాడు మా చర్చిలో, విశ్వాసులు తెచ్చిన పంటను వేలం వేస్తుంటే, ఒక పెద్ద గుమ్మడికాయను చంటిబిడ్డలా ఎత్తుకుని నిలబడింది. అంత బరువు మోస్తూ కూడా పాట తప్పకుండా పాడుతోంది. అంతే, నా మనసు ఆ గుమ్మడికాయ పక్కనే ఉండిపోయింది. మా నాయన పాస్టరుగారితో చెప్పారు, పాస్టరుగారు వాళ్ల ఇంట్లో చెప్పారు. జవాబు తొందరగానే వచ్చింది. ఆ ఇంట్లో ఏది జరగాలన్నా పిల్ల నాయనమ్మ ఊ అనాలి. ఊరంతా ఆమెను అవ్వ అనే పిలుస్తారు. ఆ అవ్వ ముందు చేను చూస్తానన్నది.

ఇక నా పద్ధతికి పట్టపగ్గాలు లేవు. అప్పుడే మా వైపు కొత్తగా కలుపు మందు దిగింది. డబ్బా మీద రాసినదానికంటే ఒక మూత ఎక్కువే పోశాను, మంచి సంబంధం కదా అని. మందుకు లొంగనిదాన్ని కూలీలతో పీకించాను. గట్ల మీద గడ్డిని కూడా చెక్కించాను. పీకిందంతా కుప్పవేసి కాల్చేశాను. చివరికి చెట్ల వరుసల మధ్య దంతె పట్టుకుని ఇసుకను దువ్వాను. పక్క చేను రైతు ఇదంతా గట్టు మీద కూర్చుని చూశాడు. ఏ పనైనా రేపు చేద్దామనే మనిషి కాబట్టి ఊళ్లో ఆయన పేరు నిదానమన్న. ఆయన చేలో వేరుశనగకు, కలుపుకు పెద్ద తేడా ఉండేది కాదు.

"ఏందబ్బయా, చేను దువ్వుతుండావు? పౌడరు కూడా పూస్తావా ఏంది?" అన్నాడు.

"నీ చేను చూసుకో అన్నా ముందు. అడవి పంది దూరినా దారి తెలీక అల్లాడిపోద్ది."

"నా చేలోకి గోరింకలన్నా వస్తాయిరా. నీ చేలోకి ఒక్కటన్నా వాలిందా ఈ మధ్య?"

వాలలేదు. కొంగలు కూడా మా గట్టు దాకా వచ్చి, ఏదో మరచిపోయినట్టు నిలబడి, ఆయన చేలోకి వెళ్లిపోయేవి. అదీ శుభ్రతకు గుర్తే అనుకున్నాను. (ఆ రోజు డైరీలో "పక్షుల బెడద తగ్గింది" అని రాసుకున్నాను కూడా.) మధ్యాహ్నం గాలి లేచినప్పుడు అడ్డూ ఆపూ లేని ఇసుక వరుసల మీదుగా పొగలా పాకేది. అది కూడా ఎంతో అందంగా కనపడింది నాకు. వేరుశనగ పూత పూసి ఊడలు దించే సమయం అది. పువ్వు రాలినచోట నుంచి సన్నటి ఊడ కిందికి దిగి, నేలలోకి దూరితేనే కాయ అవుతుంది. దానికి మెత్తటి చెమ్మ నేల కావాలి. మా ఇసుకేమో అప్పటికి పెనం మీద రవ్వలా ఉంది. ఊడలు నేలను తాకి, కొనలు మాడి నల్లబడుతున్నాయి. నేను మాత్రం దూరం నుంచి వరుసలు చూసి మురిసిపోతున్నాను.

అవ్వ వచ్చింది. వెంట పాస్టరుగారు, మా నాయన. చేతికర్ర పొడుచుకుంటూ గట్టు వెంబడి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నడిచింది. ఒకచోట ఆగి, వంగి, చెట్ల మధ్య వెతికింది.

"గురుగాకు లేదే?"

"ఒక్క మొక్క కూడా లేదవ్వా," అన్నాను గర్వంగా.

"తుంగ?"

"అసలు లేదు."

"మందు కొట్టినావా?"

"కొట్టినానవ్వా. మూత జాస్తిగానే కొట్టినా."

పాస్టరుగారు గట్టిగా దగ్గి, "కలుపు మందు అమ్మా, కలుపు మందు! పిల్లోడికి వేరే అలవాటేం లేదు," అన్నారు.

అవ్వ ఆ మాట పట్టించుకోలేదు. దూరంగా మెరుస్తున్న రొయ్యల గుంటల వైపు చూసింది. అవి ఆ మధ్యనే వచ్చాయి. వాటి ఉప్పునీళ్లు ఇంకి పక్క పొలాలు చవుడు తేలుతున్నాయని, అలాంటి నేలలో గడ్డిపరక కూడా మొలవదని అందరికీ భయం. ఆమె నిట్టూర్చి, "ఇది ఉప్పు తేలిన నేల పాస్టరుగారూ," అన్నది. "కలుపే మొలవని నేలలో మా పిల్ల ఏం తిని బతకాల? మందు కొట్టినాననేది మాట. ఎంత మందు కొడితే మాత్రం తుంగ చస్తాదా?"

నా పెళ్లి నా కళ్లముందే ఉప్పులో కరిగిపోతోంది. ఏం చేయాలో తోచక గుప్పెడు ఇసుక తీసి నోట్లో వేసుకున్నాను. "ఉప్పు లేదవ్వా! చూడండి, చప్పగా ఉంది!" అన్నాను, పళ్ల మధ్య కరకరలాడుతుంటే.

అవ్వ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "మన్ను కూడా తింటాడా పిల్లోడు?" అన్నది మా నాయనతో.

పాస్టరుగారు నా వీపు నిమురుతూ, "గురుగుల్ని కోతకాలం దాకా పెరగనియ్యమని బైబిల్లో ఉంది గదా నాయనా, నువ్వెందుకు తొందరపడినావు?" అని నెమ్మదిగా అన్నారు. ఆ తర్వాత అవ్వను బతిమాలి గడువు తీసుకున్నారు. రాబోయే వానలకు ఈ చేలో కలుపు మొలిస్తే మళ్లీ మాట్లాడుకుందాం, మొలవకపోతే పిల్లకు వేరే సంబంధం చూసుకుంటారు. అదీ ఒప్పందం. లోకంలో ఏ పెళ్లికొడుకుకూ ఇలాంటి పరీక్ష వచ్చి ఉండదు.

ఆ సాయంత్రమే నిదానమన్న దగ్గరికి వెళ్లాను. "అన్నా, కొంచెం కలుపు ఇస్తావా?"

ఆయన బీడీ నోట్లోంచి జారిపోయింది. "కలుపు పీకమని కూలోళ్లని బతిమాలేవోణ్ణి నేను. కలుపు కావాలని నా ఇంటికొచ్చినోడివి నువ్వేరా! పీక్కో, ఎంతన్నా పీక్కో. తాంబూలం కూడా పెట్టేదా?"

గురుగు, తుంగ వేళ్లతో సహా తెచ్చి మా చేలో నాటాను. (తాడు పట్టి, వరుస తప్పకుండా నాటాను. అలవాటు ఊరికే పోతుందా!) మరునాడు ఎండెక్కేసరికి అన్నీ తల వాల్చేశాయి. కలుపు చావకుండా కాపాడటానికి దొరువు నీళ్లు మోసి పోస్తుంటే, మా నాయన కండువాతో ముఖం కప్పుకుని ఇంటికి వెళ్లిపోయారు. చెట్లు పీకి చూస్తే కాయలు కూడా అంతంతమాత్రమే. అప్పటికి నాకు అనుమానం వచ్చింది. అవ్వ ఉప్పు సంగతిలో పొరబడి ఉండవచ్చు. నేలకు ఏదో అయిందన్నది మాత్రం నిజమే.

ఆ వేసవి నా బతుకులో అన్నిటికంటే పొడవైన కల. దంతె అటక మీదికి పోయింది. నిదానమన్న చేలో పీకిన గడ్డి, సరుగుడు ఆకు, పేడ, ఏది దొరికితే అది తెచ్చి చేనంతా పరిచాను. కాల్చలేదు, దువ్వలేదు. ఆ దుప్పటి కింద నేల నిద్రపోతున్నట్టుండేది. రోజూ పొద్దున్నే ఒక చోట గడ్డి ఎత్తి చూసేవాణ్ణి. మొదట చెమ్మ, తర్వాత చీమలు, పేరు తెలియని పురుగులు. నవంబరు వానలు పడి వెలిసిన ఒక ఉదయం గడ్డి కింద ఒక వానపాము, నేను చూస్తున్నానని సిగ్గుపడినట్టు, మెల్లగా మట్టిలోకి వెళ్లిపోయింది. గట్టు మీద గోరింకలు వాలి నా గురించి ఏదో గట్టిగా మాట్లాడుకుంటున్నాయి. దొరువు పక్కన పచ్చటి సూదిలా ఒక తుంగ మొలక. నేను మోకాళ్ల మీద కూర్చుని దాన్ని వేలితో తాకాను. మొదటి బిడ్డ పుట్టినప్పుడు కూడా అంత మెల్లగా తాకలేదు.

ఆ తర్వాత మొలకెత్తని కలుపు లేదు. వేరుశనగ విత్తాను, దాన్ని మించి గురుగు లేచింది. పీకడానికి నాకు చేతులు రాలేదు. ఒక్కొక్క మొక్కా నా పెళ్లికి సాక్షిలా నిలబడి ఉంటే ఎలా పీకను?

క్రిస్మస్ దాటాక అవ్వ మళ్లీ వచ్చింది. ఈసారి వెనక మనవరాలు కూడా ఉంది, సరుగుడు తోపు దగ్గరే ఆగిపోయింది. అవ్వ చేలోకి దిగి, నడుము దాకా లేచిన కలుపును చుట్టూ చూసి, కర్రతో పక్కకు తోసి వెతికింది.

"కలుపుండాది సరే. శనక్కాయ యాడుంది?"

"అడుగున ఉండాదవ్వా."

"ఏందిరా ఇది! పోయినసారి వెంట్రుక లేని గుండు చూపించినావు, ఇప్పుడు జడలు చూపిస్తుండావు. ఇంత కలుపు పెట్టుకున్నావే, సోమరోడివా నువ్వు?"

కష్టపడి సంపాదించిన పేరు మళ్లీ పోతోందన్న కంగారులో నోటికి వచ్చింది అనేశాను. "నీ కోసమే గదవ్వా సాకినా! నీళ్లు మోసి మరీ పెంచినా!"

తోపులోంచి ఒక్కసారి నవ్వు వినపడింది. పాట పాడిన గొంతే. కానీ నవ్వు ఇలా ఉంటుందని నాకు అంతవరకు తెలియదు. అవ్వ వెనక్కు తిరిగి మనవరాలిని చూసింది, నన్ను చూసింది. బోసినోరు మెల్లగా విచ్చుకుంది.

"సరేలే," అన్నది పాస్టరుగారితో. "కలుపునే ఇంత సాకినోడు మనిషిని సాకలేడా?" ఆ తర్వాత చీర చెంగు దోపుకుని, అక్కడే కూర్చుని, వేరుశనగ చెట్లకు ఊపిరాడేలా కలుపు తీయడం మొదలుపెట్టింది. పీకిందాన్ని అక్కడికక్కడే చెట్ల మొదట్లో పరిచింది. నిశ్చితార్థానికి ఉంగరాల కంటే ముందు మా ఇంటికి కూరకని ఒక బుట్టెడు గురుగాకు చేరింది.

ఉద్యోగం వచ్చింది, ఊళ్లు తిరిగాను, రిటైరయ్యాను. ఇప్పుడు పొద్దు వాలాక, మోకాళ్లు ఒప్పుకున్నంత దూరం, చేనిగట్టు వెంట నడుస్తుంటాను. గాలి సముద్రం వైపు నుంచి వచ్చే వేళకు, వెలుగు పలచబడి ఏది పంటో ఏది గడ్డో తెలియని ఆ కాసేపట్లో, ఆ పాతికేళ్ల కుర్రవాడు చేలో వంగి ఏదో సరిచేస్తున్నట్టు కనపడతాడు. పిలిచి, "కాస్త వదిలెయ్ నాయనా, దానంతటది సర్దుకుంటుంది," అని చెప్పాలనిపిస్తుంది. చెప్పను. వాడు వినడు. ఒకవేళ విన్నా, ఎంత వదిలేయాలో ముందు ఒక పట్టిక గీసుకుంటాడు.