లడ్ జుపాన్ పాటల కౌలు

క్లీవ్‌లాండ్‌లో ముప్పై ఏళ్లుగా నీటి గొట్టాలు బాగుచేసుకుని బతికే లడ్ జుపాన్‌కి పాటలతో ఏం పనండీ? ఏ పనీ లేదు. ఎనభై రెండులో బావమరిది రే వచ్చి చెవిలో ఊదాడు.

"బావా, ఈ ఏడు బాగా గడించావు, అంతా పన్నుకే పోతుంది. పిల్లల పాటల అసలు టేపొకటి కౌలుకి తీసుకో, దాంతో రికార్డులు వేయించి అమ్ముకునే హక్కు నీదవుతుంది. టేపు విలువ రెండు లక్షల డాలర్లని నిపుణుడే రాసిచ్చాడు, అందులో పదోవంతు పన్నులో కొట్టేస్తారు. నువ్వు కట్టేది ఆరు వేలు, పన్నులో తగ్గేది ఇరవై వేలు!"

లడ్ కళ్లు మూసుకుని సంతకం పెట్టేశాడు. ఆ టేపు నుంచి వేసిన అయిదు వందల రికార్డులు అమ్ముకోమని వచ్చాయి. వాటిని గరాజులో చెమ్మ తగలకుండా చెక్కల మీద పేర్చి, టార్పాలిన్ కప్పాడు. పనివాడి బుద్ధి! ఒక్కటైనా అమ్మాలని మాత్రం తోచలేదు.

నాలుగేళ్లకు పన్ను శాఖ ఆ టేపు విలువంతా బూటకమని తేల్చి, ఇరవై వేలూ వడ్డీతో, జరిమానాతో కట్టమంది. కట్టాలంటే ఇల్లు తాకట్టు పెట్టాలి. కోర్టులో నెగ్గాలంటే లాభం కోసమే వ్యాపారం చేశానని నమ్మించాలట. లడ్ కోర్టుకెక్కాడు. విచారణ ఇంకో వారముంది.

"ఆ పాటలు ఒక్కసారైనా విన్నావా?" అంది భార్య డొరొతీ.

లడ్ గరాజులోకి తీసుకెళ్లి టార్పాలిన్ ఎత్తాడు. ఒక్కదాని సీలైనా ఊడలేదు.

"చాల్లే నీ నిర్వాకం! రేపు కోర్టులో అడిగితే చెప్పడానికైనా నేర్చుకో" అని తనే ఒక రికార్డు సీలు చింపింది.

లడ్ నాలుగు రోజులు వంటింట్లో కూర్చుని, టోపీ పోగొట్టుకున్న బాతు పాటతో సహా అందులోని పన్నెండు పాటలూ కంఠస్థం చేశాడు. 

కోర్టులో ప్రభుత్వ వకీలు "ఈ రికార్డులో ఏముందో చెప్పగలరా?" అనగానే లడ్ పన్నెండూ గడగడా అప్పజెప్పాడు. బాతు పాట రెండు చరణాలు పాడాడు కూడా. డొరొతీ ముఖం వెలిగింది. వెనక బెంచీలోంచి రే "భేష్ బావా!" అని గొణిగాడు.

"బాగుంది. మొదటిసారి ఎప్పుడు విన్నారు?" జడ్జి మామూలుగానే అడిగాడు.

 ఎనభై రెండులో అంటే చాలు, ఇల్లు దక్కవచ్చు. కానీ బాగుచేయని గొట్టానికి ఏనాడూ బిల్లు రాయని మనిషాయె, పైగా ఇందాకే ప్రమాణం చేశాడు.

"పోయిన గురువారమండీ" అన్నాడు.

బయటికొచ్చాక డొరొతీ లడ్ చేయి పట్టుకుని కారు దాకా నడిచింది. కారు తలుపు తీస్తూ, వెనక నక్కి నక్కి వస్తున్న రేని చూసింది.

"ఇల్లు తాకట్టు పెట్టడానికి రేపు బ్యాంకుకి పోదాం, లడ్. హామీ సంతకం మా తమ్ముడు పెడతాడు, కళ్లు మూసుకుని."