గోపన్‌పల్లి చలిలో బోడిపెట్ట

డిసెంబరు మొదటి వారం. సాయంత్రం ఐదున్నరకు గోపన్‌పల్లిలో దిగాను. భుజాన కిట్ బ్యాగు. చేతిలో అమ్మ కట్టిచ్చిన శనక్కాయల మూట. సైన్యం నుంచి రిటైరై అనంతపురం దగ్గర మా ఊరు చేరి అప్పటికి రెండు నెలలే.

మా చెల్లెలు శైలజ వాళ్లది పాత ఇల్లు. చుట్టూ అపార్ట్‌మెంట్లు. వెనక మాత్రం పెరడు, పెరటి గోడ దాటితే యూనివర్సిటీ వాళ్ల బండలు, పొదలు. ఉత్తరపు గాలికి అడ్డమే లేదు. హైటెక్ సిటీలో స్వెట్టరు చాలిన రోజు ఇక్కడ దాని మీద శాలువా కూడా కావాలి.

శైలజకు ఏడో నెల. అంతకుముందు రెండుసార్లు నిలవలేదు. ఈసారి డాక్టరమ్మ గర్భసంచికి కుట్టు వేసి మంచం దిగొద్దంది. మేడ మీద కిటికీ పక్కన మంచం. కిటికీ కింద కోళ్ల గూడు. తొమ్మిది పెట్టలు, ఒక పుంజు. రెండో బిడ్డ పోయిన తర్వాత తెచ్చుకుంది వాటిని.

"అన్నా, నువ్వొచ్చింది నన్ను చూసుకోను కాదు, వాటిని చూసుకోను" అంది, నేను గదిలో అడుగు పెట్టగానే.

"సరే. ఆర్డరు చెప్పు."

"ఈ చలి పోయేలోగా ఒక్కటి కూడా పోగూడదు."

ముఖం నవ్వుతోంది. గొంతు నవ్వడం లేదు.

చిక్కంతా ఒక పెట్టతో. కోళ్లు ఏడాదికోసారి పాత ఈకలు రాల్చుకుంటాయి. చలి ముదిరేలోగా కొత్తవి వచ్చేస్తాయి. ఇది ఆలస్యం చేసింది. మెడ, వీపు, తోక అన్నీ బోడి. ఎర్రటి చర్మం మీద ముళ్లలాగా కొత్త ఈకల మొనలు. శైలజ దాన్ని బోడిపెట్ట అనేది. రోజూ కిటికీ కిందికొచ్చి తలెత్తి చూసేది అదొక్కటే.

చెల్లెలి మొగుడు మల్లేశ్ ఈ ఊళ్లోనే పుట్టాడు. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నిమిషం నోరు మూయడు. నేను రాకముందే గూడు చుట్టూ ప్లాస్టిక్ పట్టా బిగించాడు. లోపల పెద్ద వేడి బల్బు వేలాడదీశాడు.

"గాలి జర గూడ పోదు బావా. లోపల మస్తు వెచ్చగుంటది."

మరునాడు తెల్లవారి ఆరింటికి గూటి తలుపు తీశాను. రెట్ట ఘాటుకు కళ్లు మండాయి. పట్టా లోపలివైపు నీళ్లు కారుతున్నాయి. కోళ్ల వీపులు తడి. బోడిపెట్ట మూలన ముడుచుకునుంది. ఊపిరి గురగురమంటోంది.

మంచుకొండల్లో మాకు మొదటి రోజే చెప్పేవాళ్లు. బంకరులో కిరోసిన్ పొయ్యి మండుతున్నంతసేపూ పైన బెత్తెడు సందు తెరిచుండాలి. మేజోళ్లు తడిస్తే వెంటనే మార్చాలి. ఒళ్లు పొడిగా ఉంటే చాలా చలిని ఓర్చుకోవచ్చు. చెమ్మ చేరిందా, కొద్దిపాటి చలికే పడిపోతాం.

పైవైపు పట్టా విప్పడం మొదలుపెట్టాను. మల్లేశ్ నోట్లో బ్రష్షుతో పరిగెత్తుకొచ్చాడు.

"ఏంది బావా, ఇప్పేస్తున్నవ్? మొన్న రాత్రంత గుంజి కట్టిన!"

"కట్టింది బాగుంది. కింద అట్లనే ఉండనీ. పైన మాత్రం ఇప్పుదాం. ఊపిరి తడి బయటికి పోవాల."

"మరి బల్బు?"

"కింద ఎండుగడ్డి పరచాల. అది జారిపడితే?"

తలెత్తి మేడ మీది కిటికీ వైపు చూశాడు. తనే స్టూలెక్కి బల్బు తీసేశాడు.

ఆ రోజు ఇద్దరం తడిగడ్డి ఊడ్చి బెత్తెడు మందాన పొడి వరిగడ్డి పరిచాం. ఉత్తరం వైపు గోనెసంచులు కట్టాం. కోళ్లు పడుకునే సన్నకర్ర తీసి, బదులు వెడల్పు చెక్క బిగించాం. అలాగైతే పొట్ట ఈకలు కాలివేళ్లను కప్పుతాయి. పొద్దున గోరువెచ్చని నీళ్లు. గూడెక్కేముందు మొక్కజొన్న నూక. అది అరుగుతున్నంతసేపూ ఒంట్లో వేడి ఉంటుంది. బోడిపెట్టను పశువుల డాక్టరుకు చూపించి మందు వేయించాను. గురగుర తగ్గేదాకా వరండాలో గంప కింద ఉంచాను.

తిరిగి గూట్లోకి పంపితే మిగతావి దాన్ని చెక్క చివరకు నెట్టేశాయి. రోజూ చీకటి పడగానే వెళ్లి, ఎత్తి నడుమ పెట్టేవాణ్ని. అప్పుడు ఫోన్ మోగేది.

"అన్నా, చెప్పు."

"పదీ ఎక్కినాయి."

"బోడిది?"

"నడుమ."

"ఎవరి నడుమ?"

"పుంజుకూ ఎర్రదానికీ."

"పుంజు పొడుస్తుంది దాన్ని!"

"పొడిస్తే నేనుండా కదా. పండుకో."

జనవరిలో ఒక తెల్లవారుజామున అన్నిటికన్నా ఎక్కువ చలి పడింది. బండలు మంచులో కనబడలేదు. నేను నీళ్లు కాస్తున్నాను. మేడ మీంచి మల్లేశ్ కేక. శైలజకు నొప్పులు. ఇంకా ఎనిమిదో నెలే. కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరం కిందికి దించాం. కారెక్కేముందు నా మణికట్టు పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది.

"నువ్వు రావద్దు, అన్నా. ఈడనే ఉండు."

"కోళ్లకేం కాదులే, వస్తాను."

"వద్దు. నేను తిరిగొచ్చేసరికి ఈడ ఏదో ఒకటి బాగుండాల."

కారు వెళ్లిపోయింది. నేను పెరట్లోకి వెళ్లాను. ఇంకేం చేయాలో తెలియలేదు. కాచిన నీళ్లు పోశాను. నూక వేశాను. అన్నీ వచ్చాయి, బోడిపెట్ట రాలేదు. లోపలికి వంగి దాన్ని తీసి శాలువాలో పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాను. వీపు మీద చెయ్యి వేస్తే ముళ్లు గుచ్చుకోలేదు. మొనలు విచ్చుకున్నాయి. మెత్తగా ఉంది. దాని గుండె నా అరచేతిలో టకటకమని కొట్టుకుంటోంది. నాదీ అంతే.

ఎండ గోడ దిగి పెరట్లోకి వచ్చాక ఫోన్ వచ్చింది.

"బావా, ఆడపిల్ల. మస్తు చిన్నగున్నది. లోపట ఐసీయూకు తీస్కపోయిండ్రు. ఊపిరైతే తీస్కుంటున్నది."

"శైలజ?"

"మంచిగున్నది. నీ కోడినడుగుతున్నది."

"ఈకలు వచ్చినాయని చెప్పు."

అటువైపు ముక్కు ఎగబీల్చిన చప్పుడు. ఏడుస్తున్నాడని తెలిసింది. ఫోన్ పెట్టేయలేదు నేను.

పాప వారాల తరబడి ఆసుపత్రిలోనే ఉంది. తల్లీబిడ్డలు ఇంటికొచ్చేసరికి ఎండలు ముదిరాయి. గోనెసంచులు విప్పి మడిచి పెట్టి, కాచిగూడలో రైలెక్కాను. కోళ్లు పదీ ఉన్నాయి.

ఊళ్లో అందరూ కొండల గురించే అడుగుతారు. కాల్పులు చూసినావా, మంచు విరిగి పడితే చూసినావా అని. చెబుతాను. చెబుతుంటే మధ్యలో వేరేది అడ్డమొస్తుంది. నన్ను పాపను చూడనిచ్చిన మొదటి రోజు.

ఆసుపత్రిలో అద్దం తలుపు. అవతల కుర్చీలో మల్లేశ్. పాపకు ఒంటి వేడి తగిలేలా చొక్కా గుండీలన్నీ విప్పి ఉన్నాయి. ఛాతీ మీద, దుప్పటి మడతలో, నారింజపండంత తల. ఊలు టోపీ. నన్ను చూశాడు. పలకరించబోయాడు. పెదాలు విడివడ్డాయి. అంతలోనే మూసేశాడు. కాలు కదపలేదు, తల తిప్పలేదు. ఆ చిన్న టోపీ అతని ఊపిరితో పాటు లేచింది, దిగింది.