పై వాటాకు నడుం కొలత

పూర్వం రాజులు పక్క రాజ్యం గుట్టు తెలుసుకోవడానికి వేగులవాళ్ళను పంపేవారు. వైద్యులు నాడి పట్టుకుని రోగం చెప్పేవారు. బంగారం సంగతి గీటురాయి తేల్చేది. ఇన్ని విద్యలు పుట్టినా, పై వాటా అద్దెకు అడగడానికి వచ్చిన మనిషి ఎలాంటివాడో చెప్పే విద్య మాత్రం మానవజాతికి చాలాకాలం దొరకలేదు. ఆ లోటు తీర్చిన ఘనత అంగుళం మాస్టారిది. ఆయన చేసిందల్లా ఒక్కటే. వచ్చినవాడి నడుముకు టేపు చుట్టేవారు.

చుట్టేటప్పుడు పొట్ట లోపలికి పీల్చుకున్నాడా, ఇక అంతే. ఇల్లు లేదు.

"పొట్ట దాచేవాడు ఏదైనా దాస్తాడు," అనేవారు మాస్టారు, రాతి మీద శాసనం చెక్కించే చక్రవర్తి గొంతుతో.

మాస్టారు దర్జీ. కింద ముందు గదిలో షాపు, వెనక కాపురం. పక్కనుంచి ఇనప మెట్లు ఎక్కితే పైన రెండు గదులూ, ఒక వంటిల్లూ. ఆయన అసలు పేరు ఒకప్పుడు షాపు బోర్డు మీద ఉండేది. ఎండకీ వానకీ వెలిసిపోయింది, ఎవరూ విచారించలేదు. ఏ బట్ట ఇచ్చినా "లోపల ఒక్క అంగుళం వదిలిపెడతా, మనిషన్నాక పెరుగుతాడు" అనడం వల్ల అందరికీ అంగుళం మాస్టారే అయ్యారు. మెడలో టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. పెళ్ళి ఫొటోలో కూడా ఉంది. తన కోటు తనే ఆఖరి నిమిషం దాకా సరిచేసుకుంటూ తీయడం మరిచిపోయారు.

ఆయన ప్రాణం కిటికీ పక్కనున్న కుట్టు మిషన్‌లో ఉండేది. తండ్రి ఇచ్చిన మిషన్. నల్లగా నిగనిగలాడుతూ, తొక్కితే పిల్లి గుర్రుపెట్టినట్టు నడిచేది. దాని ఎదురుగా పీట మీద కూర్చుని భార్య కాజాలు కుట్టేది, గుండీలు వేసేది, మాస్టారి మాటల్లో ఎక్కువైన బట్ట ఎప్పటికప్పుడు కత్తిరించేది.

సిద్ధాంతం ఊరికే పుట్టలేదు. అంతకుముందు పైన ఉన్న ఇన్సూరెన్స్ ఏజెంటు "నేనూ, నా పెట్టే, అంతేనండీ" అని చేరాడు. వారం తిరక్కుండానే పెట్టె వెనకాల భార్య, భార్య వెనకాల అత్తగారు, అత్తగారి వెనకాల ఆవిడ గారాబంగా పెంచుకుంటున్న బాతు దిగారు. మెట్ల మీద బాతు ఎదురొస్తే మాస్టారే ఒదిగి నిలబడి దారి ఇవ్వాల్సి వచ్చేది. ఆ సంసారం ఖాళీ చేసి వెళ్ళిన రోజున, బాతు ఈకలు ఊడుస్తూ ఊడుస్తూ మాస్టారు చీపురు పట్టుకుని నిలబడిపోయారు.

"ఏమే! ఇంట్లో చేరకముందు వాడికి నేను ప్యాంటు కుట్టాను గుర్తుందా? కొలిచినప్పుడు ముప్పై రెండు. తొడుక్కుంటే గుండీ పట్టలేదు. అంటే వాడు ఆ రోజే పొట్ట బిగబట్టాడు! నేను ఆ రోజే కనిపెట్టాల్సింది!"

"ఏం, అత్తగారూ బాతూ ఆ పొట్టలోనే ఉన్నారా?" అంది ఆవిడ.

గొప్ప సిద్ధాంతాలు మొదట ఇంట్లోనే వెటకారం పాలవుతాయి. మాస్టారు పట్టించుకోలేదు.

ఈ పరీక్షకు మొదట నిలబడినవాడు నీటిపన్ను ఆఫీసు గుమాస్తా. శుభ్రమైన మనిషి, చంకలో గొడుగు. పై వాటా చూడాలన్నాడు.

"చూపిస్తా. చేతులు కాస్త పైకెత్తండి."

ఇల్లు చూడటానికి చేతులెందుకు ఎత్తాలో తెలియకపోయినా, ఆఫీసులో చెప్పిన పని చేసే అలవాటు కొద్దీ ఎత్తాడు. టేపు తగిలిందో లేదో, అతని పొట్ట వెన్నెముకను వెతుక్కుంటూ వెళ్ళిపోయింది.

"ఎంతమంది ఉంటారు?"

"ఇద్దరం," అన్నాడు, ఊపిరి వదలకుండా. గొంతు పిల్లనగ్రోవిలా వచ్చింది.

"మంచిది. వెళ్ళిరండి," అన్నారు మాస్టారు, టేపు మెడలో వేసుకుంటూ.

తర్వాత వ్యాయామశాల నడిపేవాడు వచ్చాడు. పొట్ట పీల్చడంతో ఆగక ఛాతీ కూడా పొంగించాడు. అది దొంగతనం మీద దొమ్మీ కింద లెక్క. కాలేజీ లెక్చరరు "ఇప్పుడే భోంచేశాను, సాయంత్రం వచ్చి కొలిపించుకుంటాను" అని వాయిదా అడిగాడు. ఒక బక్కపలచటి కుర్రాడు, పొట్ట అనేది వంశంలోనే లేనివాడు, వాడూ పీల్చుకున్నాడు. "లేనిదాన్ని కూడా దాస్తున్నాడే!" అని మాస్టారు ఆ పూట కాఫీ తాగలేకపోయారు. ఆడవాళ్ళు వస్తే టేపు భార్య చేతికిచ్చేవారు. ఆవిడ దాన్ని మళ్ళీ ఆయన మెడలోనే వేసేది. "ఇల్లడగడానికి వచ్చిన మనిషి నడుం నేను పట్టుకోవాలా? మీకు లేకపోతే నాకైనా ఉండాలిగా సిగ్గు!"

పై వాటా ఖాళీగానే ఉంది. అందులో సాలీళ్ళు మాత్రం ఏ కొలతా ఇవ్వకుండా చేరిపోయాయి. చివరికి ఒకరోజు ఆవిడ దారం పళ్ళతో తెంపి తీర్పు చెప్పింది.

"ఈ ఆదివారం దాకా చూస్తా. అప్పటికీ ఎవరూ దిగకపోతే మా తమ్ముడు దిగుతాడు. వాడూ ఇల్లు దొరక్క అల్లాడుతున్నాడు."

మాస్టారి చేతిలో కత్తెర బట్ట మధ్యలో ఆగిపోయింది.

లోకంలో చెడ్డవాళ్ళు వస్తువులు పాడుచేస్తారు. ఈ బావమరిది చాలా మంచివాడు, బాగుచేస్తాడు. బాగున్నవాటిని కూడా. అందుకే అందరూ 'మరమ్మతు' అంటారు. కిందటిసారి చుట్టపుచూపుగా వచ్చి వెళ్ళాక ఆ ఇంట్లో గోడ గడియారం గంట కొట్టడం మానేసి దగ్గడం మొదలుపెట్టింది. ఫ్యాను తిరుగుతుంది గానీ గాలి కప్పుకు తగులుతుంది. వంటింట్లో స్విచ్చి వేస్తే వాకిట్లో దీపం వెలుగుతుంది. వెళ్ళేముందు మిషన్ వంక ఆప్యాయంగా చూసి, "బావా, ఇది కాస్త బరువుగా తిరుగుతున్నట్టుంది," అన్నాడు. మాస్టారు వచ్చి మిషన్‌ను కావలించుకుని, బావమరిది ఎక్కిన బస్సు కదిలిందని కబురొచ్చాకే వదిలారు.

"వాడు పైన ఉంటే నా మిషన్ బతకదే," అన్నారు దీనంగా.

"మీ ఇనప ముక్క కోసం నా తమ్ముణ్ణి రోడ్డు మీద ఉంచమంటారా? మంచివాళ్ళు ఎంతమంది వచ్చారు! అందర్నీ పొట్ట పేరు చెప్పి పంపేశారు. ఏదీ, లేవండి. చేతులెత్తండి."

"ఎవరు, నేనా?"

ఆవిడ ఆయన మెడలోంచి టేపు లాగి ఆయనకే చుట్టింది. "ముప్పై నాలుగు. ఇక గాలి వదలండి."

"వదిలేశా."

"మొహం వంకాయలా అయింది. వదలండి!"

వదిలారు. టేపు ఆవిడ వేళ్ళమధ్య సర్రున పరిగెత్తింది. "ముప్పై తొమ్మిది. ఈ లెక్కన మీకు ఈ ఇంట్లో ఉండే అర్హత లేదు."

"నేను అద్దెకున్నవాణ్ణా? ఇంటి యజమానిని! ఆ సూత్రం నాకు వర్తించదు," అన్నారు మాస్టారు. సూత్రాలు చేసినవాళ్ళందరూ అనే మాటే అది.

ఆదివారం కాఫీలు కాకముందే బావమరిది దిగాడు. భుజాన పెద్ద సంచి. అందులో పానాలు, స్క్రూడ్రైవర్లు, నూనె డబ్బా.

"బట్టలేవిరా?" అంది అక్క.

"తర్వాత తెచ్చుకుంటానక్కా. ముందు ముఖ్యమైనవి తెచ్చాను." అప్పటికే అతని చూపు మిషన్ మీద ఉంది. "బావా, ఒక్క మూత విప్పి, చూసి, మళ్ళీ పెట్టేస్తా."

"చెయ్యి తీయ్! సాయంత్రం దాకా గడువుంది!"

సరిగ్గా అప్పుడే గుమ్మంలో వెలుగు తగ్గింది. మబ్బు పట్టిందనుకున్నారు. మబ్బు కాదు, మనిషి. లారీ ఆఫీసు మేనేజరు. తలుపు రెండో రెక్క తీస్తే గానీ లోపలికి పట్టలేదు.

"పైన వాటా ఖాళీ ఉందటగా?"

"చేతులెత్తండి!" అన్నారు మాస్టారు, బందిపోటులా.

మేనేజరు ఎత్తాడు. టేపు చుట్టుకుంటూ వెళ్ళింది, ఒక గుండ్రని దేశపు సరిహద్దు వెంబడి వెళ్ళినట్టు. పొట్ట కదల్లేదు. పీల్చుకోలేదు, సర్దుకోలేదు, జంకలేదు. ఉన్నచోటే కొండలా ఉంది.

"నలభై ఎనిమిది!" మాస్టారు టేపు మరోసారి చూసుకున్నారు. "అయ్యా, మీరు బిగబట్టలేదేం?"

"ఎందుకండీ? బిగబడితే నాది కాకుండా పోతుందా?"

మాస్టారి కళ్ళు చెమర్చాయి. "ఏమే! దొరికాడే! మనిషి దొరికాడు!" అని ఆ ఇరుకు షాపులో ఒక చుట్టు గిర్రున తిరిగి, తాళంచెవి తీసి రెండు చేతులతో అందించబోయారు.

"ఆగండి మాస్టారూ. ముందే కొన్ని చెప్పాలి," అన్నాడు మేనేజరు. "అద్దె ఒకటో తారీఖున ఇచ్చే అలవాటు నాకు లేదు. ఎప్పుడిస్తానో నాకే తెలీదు."

"మంచిది... అంటే, చెప్పడం మంచిది."

"గురక పెడతాను. పాత ఇంటి పక్కవాళ్ళు ఖాళీ చేసి పోయారు. మా అన్నదమ్ములు నలుగురు, పెళ్ళాంపిల్లలతో వస్తారు. వస్తే పోరు. కోపమొస్తే గిన్నెలు కిటికీలోంచి విసురుతాను. కింద ఎవరున్నారో చూసే ఓపిక అప్పుడుండదు. పాత ఇంటివాళ్ళు గెంటేశారు. న్యాయం వాళ్ళదే."

"బాతు ఉందా?" అడిగింది మాస్టారి భార్య, కుట్టుమీంచి తల ఎత్తకుండా.

"లేదమ్మా. మేకలు."

మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. సిద్ధాంతంలో వెంట్రుకవాసి తప్పు లేదు. పొట్ట దాచనివాడు నిజంగానే ఏదీ దాచలేదు. అదే కొంప ముంచింది.

వెనక 'టింగ్'మని ఏదో నేల మీద పడింది.

"ఒక్క స్క్రూయే బావా," అన్నాడు బావమరిది.

ముందు నుయ్యి, వెనక స్క్రూడ్రైవరు. మాస్టారు దిక్కుతోచక వీధి వైపు చూశారు. అవతలి పేవ్‌మెంట్ మీద నీటిపన్ను గుమాస్తా కూరల సంచితో, పక్కన భార్యతో వెళ్తున్నాడు.

"అదిగో, ఆ మొదటాయన! ఇంకా ఇల్లు దొరకలేదని నిన్ననే కూరల కొట్టులో అన్నారు. పరిగెత్తండి!" అంది ఆవిడ.

మాస్టారు పరిగెత్తారు. మెడలో టేపు జెండాలా ఎగురుతోంది. గుమాస్తా వెనక్కి తిరిగి చూశాడు. టేపు చూశాడు. సంచి గుండెకు హత్తుకుని అతనూ పరిగెత్తాడు. బంగాళాదుంపలు ఒక్కొక్కటే రాలుతుంటే, వాటి మధ్య మాస్టారు గెంతుతూ, "ఆగండి బాబూ! ఇల్లు! ఇల్లు!" అని అరుస్తూ వెంటపడ్డారు. గోడ అడ్డొచ్చి గుమాస్తా ఆగాడు. సంచి కింద పెట్టి, తిరిగి, చేతులు పైకెత్తి, అలవాటుగా పొట్ట పీల్చుకున్నాడు.

"దించండి! చేతులు దించండి! కొలవను! ఇల్లు మీదే!"

"ఇద్దరమేనండీ, నిజంగా," అన్నాడు గుమాస్తా, అదే పిల్లనగ్రోవి గొంతుతో.

దుంపలు ఏరుకుంటూ వచ్చిన అతని భార్య పకపకా నవ్వింది. "ఈయన నా ముందే బిగబడతారు మాస్టారూ, మీరెంత!"

తిరిగొచ్చేసరికి మేనేజరు గుమ్మంలోనే ఉన్నాడు. ఏమీ నొచ్చుకోలేదు. "మంచి పని చేశారు. నేనైతే నాకు ఇల్లివ్వను," అన్నాడు. పోతూ పోతూ బావమరిది సంచిలోకి తొంగి చూసి, "మా లారీ షెడ్డు మీద ఒక గది ఉంది తమ్ముడూ. అక్కడున్న లారీల్లో కదిలేది ఒక్కటీ లేదు. ఎంతైనా బాగుచేసుకో," అన్నాడు. బావమరిది, జీవితంలో మొదటిసారి నిజంగా పాడైన వస్తువులు దొరికినవాడిలా సంబరపడ్డాడు. స్క్రూ బిగించి మరీ వెళ్ళాడు.

గుమాస్తా దంపతులు ఆ సాయంత్రమే దిగారు. వెనకాల అత్తగారు రాలేదు, ఏ రెక్కల జీవీ రాలేదు. అద్దె తారీఖు దాటదు. మెట్లు దిగి షాపు ముందునుంచి వెళ్ళేటప్పుడు అతను పొట్ట లోపలికి పీల్చుకుంటాడు. లోపలినుంచి నమస్కారం పెడుతూ మాస్టారూ పీల్చుకుంటారు. అతని అసలు నడుం ఎంతో తెలుసుకోవాలని, ఒక్క ప్యాంటు కుట్టించుకోవడానికైనా రాకపోతాడా అని మాస్టారికి లోలోపల పెద్ద ఆశ.

అతను రెడీమేడ్ బట్టలే కొంటాడు.