ఒక్క కంప్యూటరు, రెండు నెట్‌వర్క్ డబ్బాలు

నిన్న ఆత్మకూరు బస్టాండు దగ్గర పాత సామాన్ల బండి మీద ఒక ఎర్ర డబ్బా కనిపించింది. కంప్యూటర్లను కలిపే నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ డబ్బా. మీద కుంకుమ బొట్టు మరక ఇంకా ఉంది. చూడగానే ఒళ్ళు మండింది.

తొమ్మిదో తరగతి సెలవుల్లో నాయన నన్ను ఉదయగిరిలో బస్సెక్కించి ఇక్కడి కంప్యూటర్ సెంటరుకు పంపేవాడు. ఆ రోజుల్లో కంప్యూటర్ నేర్చుకున్నవాళ్ళకు గుర్తుందా, చెప్పులు బయట విప్పి, ఆ చల్లటి గదిలో అగరొత్తుల వాసన పీలుస్తూ చేతులు కట్టుకుని కూర్చునేవాళ్ళం! మా సార్ రెండు డబ్బాలకు బొట్లు పెట్టి, ఏది మేలో నెలరోజులు పోల్చి చెప్పాడు. ఎర్రదానిది వేగం, నీలందానిది సులువు. పిల్లలం రెండు జట్లుగా చీలిపోయాం. నీలం మెచ్చినందుకు వింజమూరు నుంచి వచ్చే నా స్నేహితుడు మాల్యాద్రితో నేను మాటలు మానేశాను.

పరీక్షకు ముందురోజు వాడే లేచి అడిగాడు. "సార్, ఈడ ఉండేది ఒక్క కంప్యూటరే గదా. దీన్ని దేనికి కలిపేది?"

"ముందు సాఫ్ట్‌వేర్ ఏదో తేల్చుకోవాల రా. రెండో కంప్యూటర్ దానంతట అదే వస్తాది," అన్నాడా మహానుభావుడు.

మేమంతా తలలూపాం. వాడొక్కడే చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

"పరీక్షకు భయపడి పారిపోయినాడు సార్," అన్నాను నేను.

నిన్న ఆ ఎర్ర డబ్బాను తిప్పి చూశాను. దాని ప్లాస్టిక్ తొడుగును ఇప్పటికీ ఎవరూ చించి తెరవలేదు. దాని వేగం గురించి మూడు పేజీలు రాసి ఫస్టు వచ్చిన మేధావిని నేనే.