కొడుకుల ఇంట దొరకని తల్లి

మిస్ చనిపోయారన్న కబురు శుక్రవారం పొద్దున వచ్చింది. ఆమె చెల్లెలి కూతురు రెండు వాక్యాల్లో పంపింది. నిద్రలోనే పోయారట, బాధపడలేదట. నేను వంటింటి గడప మీద కూలబడి ఏడుస్తుంటే మా అమ్మ ఉల్లిపాయలు తరగడం ఆపి, “పోనీలేమే, ఇంగొక ఇస్కూలు దొరకదా యాడన్నా” అంది. హాల్లోంచి నాన్న, “ఆయమ్మ నీ పని గురించి మంచిగా ఒక కాయితం రాసిస్తా అనింది గదా, రాయించుకున్న్యావా లేదా?” అని అడిగాడు. సాయంత్రానికి అమ్మ ఇంకో నిర్ణయానికి వచ్చింది. “ఆయమ్మ నీకు మందు పెట్టిందిమే. కన్నోళ్లకు గూడా ఇంత ఏడవరు ఎవురూ.”

మా ఇంట్లో నా ఏడుపుకు అర్థాలు ఇంత తొందరగా దొరుకుతాయి. వాటిలో ఒక్కటీ నాది కాదు. అందుకే ఇది రాస్తున్నాను.

మిస్‌ది అమెరికా. సౌదీలో, ఖమీస్ ముషైత్ ఊళ్లో మా ఇంటికి దగ్గరి ఇంటర్నేషనల్ స్కూల్లో అయిదో తరగతికి పాఠాలు చెప్పేవారు. నేను కడపలో బి.ఏ. ముగించి అమ్మానాన్నల దగ్గరికి తిరిగొచ్చి, చేయడానికేమీ లేక గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతున్న రోజుల్లో, ఆమె తరగతిలో సహాయకురాలిగా చేరాను. పిల్లలు మిస్ అనేవాళ్లు, నాకూ మిస్సే అయ్యారు. పొడుగాటి మనిషి. టీ ఆకును చేదెక్కేదాకా మరిగించి పాలు లేకుండా తాగేవారు. ఎయిర్ బేస్ విమానాలు నెత్తిమీదుగా పోతుంటే చేయి పైకెత్తి మాట ఆపేసేవారు. చప్పుడు తగ్గాక, ఆగిన మాట దగ్గరే మళ్లీ అందుకునేవారు. పిల్లలు ఆమె మరిచిపోతారేమోనని పందేలు కాసేవాళ్లు. ఎప్పుడూ మరిచిపోలేదు.

స్కూలు వదిలాక ఖాళీ తరగతిలో కంప్యూటర్ ముందు కూర్చుని తన పూర్వీకులను వెతుక్కోవడం ఆమె అలవాటు. బస్సు వచ్చేదాకా నేనూ పక్కన కూర్చునేదాన్ని. అలా నాకు తెలిసిన కథ ఇది. ఆమె వంశం వాళ్లు మొదట స్కాట్లండ్ మనుషులు. ఐర్లండ్ ఉత్తరాన అల్‌స్టర్‌కు వెళ్లి అవిసె నార వడికి, బట్ట నేసి కొన్ని తరాలు బతికారు. కౌలు గడువు తీరినప్పుడల్లా భూస్వాములు రేట్లు పెంచుతుంటే తట్టుకోలేక ఓడెక్కారు. ఫిలడెల్ఫియాలో దిగి, దొరికినంత పడమటికి నడిచి, పెన్సిల్వేనియాలో అడవి కొట్టుకుని పొలం చేసుకున్నారు. తర్వాతి తరాలు బండ్లు కట్టుకుని కొండల మధ్య లోయ వెంట దక్షిణానికి పోతూనే ఉన్నాయి. ఇలాంటి వాళ్లను అమెరికాలో స్కాట్స్-ఐరిష్ అంటారు. “ఐర్లండ్‌లో మమ్మల్ని స్కాట్లండ్ వాళ్లన్నారు, అమెరికాలో ఐర్లండ్ వాళ్లన్నారు” అని నవ్వేవారు మిస్. “మేం ఎక్కడివాళ్లమో చెప్పడానికి అందరికీ తెలుసు, మాకు తప్ప.”

అదే పాఠాన్ని పిల్లలకు చెప్పేటప్పుడు మాత్రం నవ్వేవారు కాదు. ఒక పిల్లవాడు తన వ్యాసంలో ‘ఖాళీ నేల మీద ఊళ్లు కట్టారు’ అని రాస్తే, ఖాళీ అన్న మాట కింద గీత గీసి, “అంతకుముందు ఎవరుండేవాళ్లో కనుక్కుని రా” అని కాగితం తిరిగిచ్చేశారు. వాడు వారం తర్వాత అక్కడి తెగల పేర్లన్నీ రాసుకొచ్చాడు. తన వాళ్లు పడ్డ కష్టాన్నీ, తన వాళ్లు చేసిన అన్యాయాన్నీ ఆమె ఒకే గొంతుతో చెప్పేవారు. అలా చెప్పగలిగిన మనిషిని నేను మా బంధువుల్లో చూడలేదు.

వెతకడంలో ఆమెకు ఒక పద్ధతి ఉండేది. “ఒక్క మనిషిని వెతక్కు, పక్కింటివాళ్లను వెతుకు. ఎవరూ ఒంటరిగా దేశం దాటరు” అనేవారు. ఒకరోజు మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు ఆ పద్ధతి నాన్న మీద ప్రయోగించారు. మీకంటే ముందు ఈ దేశానికి ఎవరొచ్చారని నా చేత అడిగించారు. నాన్న ఒక కంపెనీలో ఏసీ మెయింటెనెన్స్ సూపర్‌వైజరు. ఇంట్లో పెద్దగా మాట్లాడడు. ఆ రోజు మాత్రం సంగటి ముద్ద పళ్లెంలోనే వదిలేసి మొదలుపెట్టాడు.

“మా పక్కింటి సుబ్బయ్యన్న ముందొచ్చినాడు. ఆయప్ప వాళ్ల బామ్మర్దికి వీసా తీసినాడు. ఆ బామ్మర్ది నన్ను పిలిపిచ్చినాడు. నేనొచ్చినంక మా వీధిలోంచి ఇంగా నలుగురు. మా వీధి మొత్తం ఈడనే ఉండాది సూడు.”

మిస్ తల ఊపుతూ విన్నారు. ఆమె వెళ్లిపోయాక అమ్మ గిన్నెలు సర్దుతూ, “మొగుడు లేడు, బిడ్డల్లేరు. సచ్చినోళ్లనందర్నీ ఎతుక్కుంటాంది గానీ ఇంటికి పోదామని లేదా ఆయమ్మకు?” అంది. ఆ మాట నేను మిస్‌కు చెప్పాను. ఆమెకు కోపం రాలేదు. “మా చెల్లెలు కూడా అదే అంటుంది. మీ అమ్మ వంట బాగుంది, అది మాత్రం చెప్పు” అన్నారు.

మేమిద్దరం కలిసి ఎక్కువ రోజులు వెతికింది ఒక ముసలామెను. పెన్సిల్వేనియాలో పొలం చేసుకున్న ఆ మొదటి మనిషి భార్య. భర్త పోతూ వీలునామాలో పొలం కొడుకులకు రాసి, ఆమెకు ఒక మంచం, రాట్నం, ఆవు, పొయ్యి పక్క గది ఇమ్మన్నాడు. ఆ తర్వాత ఆమె జాడ లేదు. కొడుకుల ఊళ్లోని చర్చి పక్క సమాధుల్లోనూ లేదు. భర్త పోయిన దిగులుతో ఆమె కూడా అక్కడే పోయిందని మిస్ వాళ్ల ఇంట్లో చెప్పుకునేవాళ్లట.

“పెద్దకొడుకు దగ్గరే ఉండుంటుంది మిస్. ఇంకెక్కడికి పోతుంది?” అన్నాను నేను. అంత నమ్మకంగా ఎలా అన్నానో ఇప్పటికీ గుర్తే. మా వైపు అది అడగాల్సిన ప్రశ్నే కాదు. మిస్ కూడా సరేనన్నారు. ఆ విద్యా సంవత్సరం చాలా భాగం పెద్దకొడుకు చుట్టూ, అతని పక్కిళ్ల చుట్టూ తిరిగాం. ఏమీ దొరకలేదు.

రంజాన్ సెలవుల్లో ఒకరోజు ఊరికి వీడియో కాల్ చేశాం. మా జేజి, అంటే నాన్న వాళ్లమ్మ, మంచం మీద కూర్చుని తమలపాకు నములుతోంది. వెనక మేనత్త వాళ్ల ఫ్రిజ్ కనబడుతోంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ జేజి ఉండేది మేనత్త ఇంట్లోనే. కానీ ఎవరడిగినా మా అమ్మా నాన్నా చెప్పే మాట ఒకటే, “ముసలామె పెద్దకొడుకు కాడ ఉండాది” అని. కూతురి ఇంట్లో ఉందంటే కొడుకులకు నామోషీ. రేషన్ కార్డులో కూడా జేజి పెదనాన్న ఇంట్లోనే ఉంటుంది.

సెలవులయ్యాక మిస్‌తో, “కూతుళ్లున్నారా ఆమెకు?” అని అడిగాను. ఒకతె ఉంది. పెళ్లయ్యి ఇంటిపేరు మారినందువల్ల మేం పట్టించుకోని మనిషి. ఆమె భర్త పేరుతో, అతని పక్కింటివాళ్ల పేర్లతో వెతికితే బండ్ల బాట వెంట దక్షిణాన కరొలైనా కొండ దిగువల్లో ఒక చర్చి తగిలింది. అక్కడి వాళ్లకు రాస్తే ఒకాయన సమాధుల తోటకు వెళ్లి ఫోటో పంపాడు. నాచు పట్టిన పలక, మీద ఆ ముసలామె పేరు. పక్కనే కూతురిది. కొడుకులు పెన్సిల్వేనియాలోనే ఉండిపోయారు. ఆమెకు ఆ పొయ్యి పక్క గది ఉండనే ఉంది. అది వదిలి, ఆ వయసులో, అన్ని వందల మైళ్లు బండి మీద పోయింది.

మిస్ చాలాసేపు ఆ ఫోటో చూశారు. “ఆమె వెళ్లింది” అన్నారు. “ఎందుకెళ్లిందని నన్నడగకు. ఎందుకెళ్లారో చెప్పేది ఎప్పుడూ వెళ్లనివాళ్లే” అన్నారు. ఆ రోజు బస్సు హారన్ కొట్టినా లేవలేదు. నాకూ లేవాలనిపించలేదు.

మొన్న వేసవికి ఆమె స్కూలు వదిలి ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే ఇక తిరిగి రాకుండా, దేశం వదిలి వెళ్లిపోయారు. పిల్లలు కేకు కోయించారు. నాకు కానుకంటూ ఏమీ ఇవ్వలేదు, సలహా కూడా ఇవ్వలేదు. కారెక్కేముందు నా భుజం మీద చేయి వేసి, “భాగహారం ఆలస్యంగా మొదలుపెట్టు, వచ్చే పిల్లలకింకా ఎక్కాలు రావు” అన్నారు. నెల తర్వాత ఒక ఫోటో పంపారు. అదే పలక. ఎవరో చుట్టూ గడ్డి కోశారు. అంచున మిస్ బూట్ల కొనలు కనబడుతున్నాయి. ఆ తర్వాత వచ్చింది ఈ శుక్రవారం కబురే.

ఇదంతా ఇప్పుడు రాయడానికి ఇంకో కారణం ఉంది. నాన్న కంపెనీ కాంట్రాక్టు ముగిసింది, మా ఇంటిల్లిపాదికీ ఎగ్జిట్ పడుతోంది. నా ఇకామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, నాన్నది చూపించి తీసిందే కాబట్టి ఆయన పోతే నేనూ పోవాలి. అయితే అయిదో తరగతి నన్నే తీసుకోమని, నా ఇకామా తమ పేరు మీదికి మార్చుకుంటామని స్కూలు వాళ్లు అడిగారు. అందుకు నాన్న ఒప్పుకోవాలి. టీచర్ల క్వార్టర్స్‌లో గది ఇస్తారు.

నిన్న ఈ మాట చెబితే అమ్మ చేతిలో బట్టలు మంచం మీద పడేసింది. “ఆ టీచరమ్మ మాటలు పట్టుకోని ఒక్కదానివే ఈడ ఉంటావా? ఉండమని సెప్పి పోయిందా?”

“ఆమె ఏమీ చెప్పలేదమ్మా. ఉండమనలేదు, పొమ్మనలేదు.”

“మరి ఏంటికి ఉండేది?”

“నాకు ఉండాలనుంది.”

“అదొక జవాబా?”

నాన్న కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. బయట అబహా కొండల వైపు నుంచి పొగమంచు దిగుతోంది, వీధి దీపాలు పసుపు ముద్దల్లా ఉన్నాయి. “ఊర్లో అడిగితే ఏమని సెప్పల్ల?” అన్నాడు.

“నీకు ఏం చెప్పాలనిపిస్తే అది చెప్పు నాన్నా.”

ఈ పొద్దున నాన్న టీ తాగాక ఫోన్ తీసి, కళ్లద్దాలు సర్దుకుని, స్కూలు వాళ్లు పంపిన ఇకామా మార్పు ఫారాన్ని నెమ్మదిగా చదివి, ఒప్పుకున్నట్టు నొక్కాడు. నా వైపు చూడలేదు. అమ్మ హాల్లో కొక్కెం త్రాసుకు సూట్‌కేసు తగిలించి రెండు చేతులా పైకెత్తుతోంది. బరువు ఎక్కువైందని దించి, తాళం తీసి, మళ్లీ మళ్లీ సర్దుతోంది. అందులో నావి రెండు చీరలూ ఒక దుప్పటీ ఉన్నాయి. తీసి నా గదిలో పెట్టుకున్నాను. సూట్‌కేసు తేలికైంది, అమ్మ దాన్ని ఎత్తి పట్టుకుని అలాగే నిలబడింది.

వాళ్లు గురువారం వెళ్తున్నారు. నేను ఖమీస్‌లో ఉంటున్నాను.